కొత్త 350 ఇచ్చి పాత ఆర్‌ఎక్స్ 100 తెచ్చుకున్న కేసు, నా పొరపాటుతో సహా

విశాఖపట్నం గాజువాకలో నాది చిన్న టూవీలర్ షెడ్డు. ఇరవై ఆరేళ్లుగా అదే చోట ఉంది. "కొత్త బండి తీసేసి పాత యమహా ఆర్‌ఎక్స్ 100 కొంటాను మాస్టారూ" అంటూ ఏడాదికి ఐదారుగురు వస్తారు. అందులో నలుగురికి కావాల్సింది ఆ సౌండ్. వాళ్లకి టీ తాగించి పంపించేస్తాను. ఈ కేసులో వచ్చిన కుర్రాడు సౌండ్ మాటే ఎత్తలేదు. "బండి నా మాట వినట్లేదు మాస్టారూ, మలుపులో దానిష్టం వచ్చినట్టు పోతోంది" అన్నాడు. ఆ మాట నచ్చింది కాబట్టే పని ఒప్పుకున్నాను, ఇప్పుడు ఇలా రాస్తున్నాను.

వయసు ముప్పై నాలుగు, బ్యాంకు ఉద్యోగం. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, బరువు 62 కిలోలు. 2021లో 350 సీసీ బండి కొన్నాడు. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం, దాంట్లో లోపమేమీ లేదు. రోజూ ఇంటి నుంచి బ్యాంకుకి ట్రాఫిక్‌లో పదకొండు కిలోమీటర్లు, నెలకి ఒకటి రెండు ఆదివారాలు స్నేహితులతో అరకు ఘాట్. ఇంటి ముందు సందు చిన్నది, కొంచెం వాలు కూడా. పొద్దున్నే బండి వెనక్కి నెట్టి తిప్పాలంటే వాచ్‌మన్‌ని పిలవాలి. ఘాట్‌లో అయితే మడత మలుపు వచ్చిన ప్రతిసారీ బండి తెల్లగీత దాటి అవతలి పక్కకి పోతోంది. ఒకసారి ఎదురుగా బస్సు వచ్చింది. ఆ టెన్షన్ ఇంకా పోలేదన్నాడు.

మొదట ఆ 350నే చూశాను. గాలి సరిగ్గా ఉంది, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు) బాగుంది, ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు పైపులు) మెత్తగా పనిచేస్తున్నాయి. నేనే తీసుకుని పెందుర్తి దాకా వెళ్లొచ్చాను. బండి 195 కిలోలు, రెండు చక్రాల మధ్య దూరం 1390 మి.మీ. నేరుగా, నిదానంగా, దూరం పోవడానికి కట్టిన బండి అది. ఆ పని బాగా చేస్తుంది. ఆరడుగుల మనిషి, హైవే ప్రయాణాలు ఎక్కువ ఉన్నవాడు అయితే దానికంటే మంచిది చెప్పలేను. ఈ కుర్రాడి ఒళ్లూ వేరు, దారీ వేరు. "రిపేరు చేయడానికి ఇందులో ఏమీ లేదు బాబూ, కొలతలు కుదరలేదు, అంతే" అన్నాను.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. వాళ్ల కాలనీలోనే ఒకాయన దగ్గర 1993 మోడల్ ఆర్‌ఎక్స్ 100 ఉంది. ఆయన తండ్రి స్టీల్ ప్లాంట్‌లో పనిచేసేటప్పుడు కొన్నది. ఆయనకి ఇప్పుడు పెద్ద బండి కావాలి. 350 తీసుకుని, ఆర్‌ఎక్స్‌తో పాటు 65 వేలు కుర్రాడి చేతికిస్తానన్నాడట. బేరం తెమిలిపోయేలా ఉంది, నా మాట కోసం ఆగారు.

ఈ బండి గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. యమహా ఆర్‌ఎక్స్ 100ని ఎస్కార్ట్స్ వాళ్లు 1985లో మన దేశంలోకి తెచ్చారు, 1996 దాకా తయారైంది. 98 సీసీ, టూ స్ట్రోక్ (పెట్రోల్‌తో పాటు ఆయిల్‌ని కూడా కాల్చే ఇంజన్), నాలుగు గేర్లు, 11 హార్స్‌పవర్. బరువు వంద కిలోల చిల్లర. చక్రాల మధ్య దూరం 1240 మి.మీ. ముందు 2.50, వెనక 2.75 సైజు సన్నటి టైర్లు, రెండూ 18 అంగుళాలవి.

ఈ లెక్క కుర్రాడికి కాగితం మీద వేసి చూపించాను. ఎవరికైనా చూపిస్తాను, ఎందుకంటే ఆర్‌ఎక్స్ అంటే రాకెట్ అనుకునేవాళ్లే ఎక్కువ. 350కి 20 హార్స్‌పవర్, 195 కిలోలు. ఆర్‌ఎక్స్‌కి 11 హార్స్‌పవర్, 103 కిలోలు. కిలోకి ఎంత అని భాగిస్తే రెండూ దాదాపు ఒకటే. ఇప్పుడు రెండింటి మీదా 62 కిలోల మనిషిని కూర్చోబెట్టండి. కొత్త బండే ముందుకొస్తుంది. వెనక ఇంకొకర్ని ఎక్కిస్తే పాతది ఇంకా వెనకబడుతుంది. కాబట్టి పవర్ కోసమైతే ఈ మార్పిడి దండగ. మారేదల్లా బరువు, పొడవు, టైరు వెడల్పు. మలుపులో బండిని పక్కకి వాల్చి మళ్లీ నిలబెట్టడానికి ఎంత బలం పెట్టాలో తేల్చేవి ఆ మూడే. అతను అడిగింది అదే కాబట్టి "తీసుకో" అన్నాను. "కాకపోతే ఇప్పుడున్న బండి కాదు నువ్వు కొనేది, బాగు చేశాక వచ్చే బండి. ఆ 65 వేల్లో ముప్పై వేలు పక్కన పెట్టు" అని కూడా చెప్పాను.

కాగితాల సంగతి తొందరగా ముగిస్తాను. మార్పిడి అని ఒక కాగితం రాసుకుంటే సరిపోదు. రెండు బండ్లూ విడివిడిగా పేరు మారాలి, ఫారం 29, 30 రెండింటికీ పెట్టాలి. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఓకి తెలియజేయాలి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి కూడా 14 రోజులే గడువు. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలిశాయా అని బ్యాటరీ లైటు పట్టుకుని నేనే చూశాను. ఆర్‌ఎక్స్‌లలో వేరే బండి ఇంజన్ ఎక్కించినవి లెక్కలేనన్ని. అది తేలకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు. ఇది ఏపీ 31, అంటే విశాఖ నంబరే, ఒకే కుటుంబం చేతిలో ఉంది, రెండు నంబర్లూ కలిశాయి. పదిహేనేళ్లకి రిజిస్ట్రేషన్ మొదటి రెన్యూవల్, తరవాత ఐదేళ్లకోసారి. 2023లో చేయించారు, 2028 దాకా పనిలేదు. అప్పటికి జేబు కాస్త బరువుగా ఉంచుకోవాలి. 2022లో వెయ్యి రూపాయలు చేసిన రెన్యూవల్ ఫీజుని, ఇరవై ఏళ్లు దాటిన టూవీలర్లకి 2025 ఆగస్టులో రెండు వేలు చేశారు. పాత బండ్లకి వేసే గ్రీన్ టాక్స్ వేరు.

2024 ఫిబ్రవరిలో బండి నా షెడ్డుకి వచ్చింది. కుర్రాడి మొహంలో వెలుగు లేదు. "మాస్టారూ, ఇది ఆ 350 కంటే ఘోరంగా ఉంది" అన్నాడు. ఎక్కి రౌండు వేశాను. నిజమే. నలభై దాటగానే హ్యాండిల్ వణుకు. యాభై మీద చేతులు వదులుగా పట్టుకుంటే ఎడమకి లాగుతోంది. మలుపులో మొదట మొండికేసి, తరవాత ఒక్కసారిగా దభీమని వాలుతోంది. చూసేవాళ్లకి మాత్రం బండి అద్దంలా ఉంది. ట్యాంకుకి కొత్త పెయింటు, కొత్త స్టిక్కర్లు, వెనక 100/90 సైజు లావు టైరు, మార్చిన సైలెన్సరు. డబ్బంతా కంటికీ చెవికీ పెట్టారు.

వరసగా చూస్తూ పోయాను. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ని ఒక్క వేలితో నెమ్మదిగా తిప్పితే, సరిగ్గా మధ్యకి రాగానే టక్కున ఒక గుంటలో పడినట్టు ఆగింది. కోన్‌సెట్‌లో బాల్స్ కూర్చునే చోట గాడి పడిందన్నమాట. ముప్పై ఏళ్లలో బండి ఎక్కువసేపు నడిచేది నేరుగానే కాబట్టి దెబ్బలన్నీ ఆ ఒక్క చోటే తగులుతాయి. దీన్ని గ్రీజు పెట్టి బిగిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. బిగిస్తే ఇంకా మొండికేస్తుంది, సెట్టు మార్చాల్సిందే. వెనక చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపితే మూడు నాలుగు మిల్లీమీటర్ల ఆట ఉంది, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు అరిగిపోయాయి. ఫోర్కుల్లో ఆయిల్ బదులు నల్లటి నీళ్లలాంటివి కారాయి. స్పోకులు కొన్ని వేలితో మీటితే టంగుమన్నాయి, కొన్ని చప్పుడే చేయలేదు. మా ఊరి ఉప్పుగాలికి రిమ్ముల లోపలి పక్క తుప్పు పొరలు పొరలుగా ఊడింది.

అవన్నీ మార్చడానికి పెట్టాను. మరి ఎడమకి లాగుడు సంగతి? ఇక్కడే నేను తప్పు చేశాను.

లాగుతోందంటే ఫోర్కు వంకరే అని తేల్చేశాను. ఇంత పాత బండి ఎక్కడో ఒకచోట గుద్దుకునే ఉంటుంది కదా అని. ఫోర్కు పైపులు ఊడదీసి లేత్ షాపుకి పంపాను. వాళ్లు తిప్పి చూసి కొద్దిగా ఉంది అన్నారు. కొద్దిగా ఏ పైపుకైనా ఉంటుంది. అయినా ప్రెస్ మీద పెట్టి సరిచేయించాను. కొత్త కోన్‌సెట్, కొత్త సీల్స్, కొత్త ఆయిల్ వేసి బిగించి రోడ్డెక్కితే వణుకు పోయింది, లాగుడు మాత్రం అలాగే ఉంది. రెండు రోజుల పని వృథా. కుర్రాడు ఏమీ అనలేదు కానీ చూపు చూశాడు.

మర్నాడు షట్టర్ తీసి, టీ కూడా తాగకుండా పురికొస తీశాను. మొదటి రోజే తీయాల్సింది. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, హ్యాండిల్ నేరుగా పెట్టి, పురికొస మధ్యభాగాన్ని వెనక టైరు వెనక భాగానికి చుట్టి, రెండు కొసల్నీ రెండు పక్కలా ముందు చక్రం దాకా బిగుతుగా లాగాలి. తాడు వెనక టైరుకి ముందు అంచు దగ్గర కూడా ఆనాలి. ముందు టైరు సన్నం కాబట్టి రెండు పక్కలా సందు వస్తుంది, ఆ రెండు సందులూ సమానంగా ఉండాలి. ఇక్కడ కుడి పక్క 23 మి.మీ., ఎడమ పక్క 11. అంటే వెనక చక్రం బండి నడిమి గీతకి 6 మి.మీ. కుడికి జరిగి ఉంది.

చైన్ అడ్జస్టర్లు రెండు పక్కలా ఒకే గీత మీద ఉన్నాయి. కాబట్టి యాక్సిల్ (ఇరుసు) వంకర కాదు, చక్రం స్పోకుల అల్లికలోనే తేడా. ఎందుకు జరిగిందో ఆ లావు టైరు చూస్తే అర్థమైంది. ఆర్‌ఎక్స్‌కి చైన్ ఎడమ పక్క. 100/90 టైరు ఎక్కిస్తే అది చైన్‌కి రాసుకుంటుంది. దాన్ని తప్పించడానికి ఎవరో స్పోకులు ఒక పక్క వదులు చేసి, ఇంకో పక్క లాగి, రిమ్ముని మొత్తంగా కుడికి జరిపేశారు. చక్రం తిప్పి చూస్తే ఊగడం లేదు, చక్కగా తిరుగుతోంది. అందుకే నా కన్నూ మోసపోయింది. తిన్నగా తిరిగే చక్రం తిన్నటి చోటే ఉందని అనుకోకూడదు. ఇంజన్ బరువంతా చక్రాల గీతకి ఎడమ పక్క మిగిలిపోయి బండి అటు ఒరుగుతోంది. పైగా సన్నటి రిమ్ముకి లావు టైరు ఎక్కిస్తే దాని నెత్తి గుండ్రంగా కాకుండా కోసుగా వస్తుంది. మొండికేసి దభీమని వాలడానికి కారణం అదే.

రెండు చక్రాలూ కొత్త రిమ్ములు, కొత్త స్పోకులతో అల్లించాను. వెనక చక్రం రిమ్ము హబ్బుకి (చక్రం నడిమి భాగానికి) ఎటు ఎంత జరగాలో కొలత నేనే దగ్గరుండి పెట్టించాను. ముందు 2.50, వెనక 2.75, కంపెనీ ఇచ్చిన సైజే. "వెనకాల మరీ సైకిల్ టైరులా ఉంది మాస్టారూ" అన్నాడు కుర్రాడు. "రౌండు వేసి వచ్చి చెప్పు" అన్నాను. ఇరవై నిమిషాలకని వెళ్లినవాడు గంటన్నరకి వచ్చాడు.

చాసిస్ పక్క మొత్తం ఖర్చు, అంటే కోన్‌సెట్, బుష్‌లు, ఫోర్కు పని, చక్రాలు, టైర్లు, బ్రేక్ లైనర్లు అన్నీ కలిపి 11,400 రూపాయలు. లేత్ షాపుకి నేనిచ్చిన పన్నెండు వందలు బిల్లులో వేయలేదు. తప్పు నాది.

ఇంజన్ గురించి పెద్దగా చెప్పేది లేదు. పిస్టన్ టకటక వాయిస్తోంది, హాఫ్ ఇంజన్ (పై సగం) దించి సిలిండర్‌కి బోరు కొట్టించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేశాం. క్రాంక్ సీల్స్ మార్చాం. కార్బురేటరు డూప్లికేటు, దాన్ని తీసేసి మికుని కంపెనీది దొరికించుకోవడానికి మూడు వారాలు పట్టింది. ట్యాంకు లోపల తుప్పు కడిగించాం. ఇప్పుడొస్తున్న పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. పాత రబ్బరు పైపులూ సీల్సూ దానికి ఉబ్బుతాయి, అవీ మార్చాం. ఒరిజినల్ సైలెన్సర్ పాత యజమాని అటక మీదే ఉంది, అడిగితే దించి ఇచ్చాడు. కార్బన్ కాల్చి అదే బిగించాం. ఇదంతా 13,900 అయింది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే, ఇది రెండో విడత పని. సాధారణంగా అందరూ ముందు ఇంజన్ దించుతారు, డబ్బు అక్కడే అయిపోతుంది, వంకర చక్రం మీదే ఇంకా వేగంగా పోతారు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం అతనితో పాటు నేనూ వెళ్లాను, నా బండి మీద. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాటి ఘాట్ మొదలయ్యాక అతన్ని ముందు పోనిచ్చి వెనక నుంచి చూశాను. టైడ దగ్గర నుంచి అనంతగిరి దాకా ఎక్కుడు. ఒక్క మలుపులోనూ గీత దాటలేదు. ముఖ్యంగా నేను చూసింది అతని భుజాలు. 350 మీద మలుపు రాకముందే బిగుసుకుపోయేవి. ఈసారి తల తిప్పి ఎటు చూస్తే బండి అటు పోతోంది. రోడ్డు మధ్యలో గుంత వస్తే ఆఖరి నిమిషంలో తప్పించుకునే వీలుంది. గాలికొండ దగ్గర ఆపి వెదురు చికెన్ తిన్నాం. అతను మాట్లాడుతూనే ఉన్నాడు, నేను వింటూ కూర్చున్నాను.

దిగేటప్పుడు వేరే కథ. దిగుడు గురించి ముందే చెప్పాల్సిన నేను తిండి యావలో చెప్పలేదు. టూ స్ట్రోక్ బండికి ఇంజన్ బ్రేకింగ్ చాలా తక్కువ. యాక్సిలరేటర్ వదిలేస్తే 350 తనంతట తాను నెమ్మదిస్తుంది, ఇది జారుతూనే ఉంటుంది. అతను నాలుగో గేరులో, బ్రేకులు పట్టి ఉంచి దిగాడు. ఏడెనిమిది మలుపులయ్యేసరికి ముందు డ్రమ్ము కాలిపోయే వేడెక్కింది. లీవరు గ్రిప్పు దాకా వచ్చేస్తోంది, లైనర్ మాడిన వాసన నా దాకా వచ్చింది. హారన్ కొట్టి ఆపించాను. అరగంట చెట్టు కింద కూర్చున్నాం, నీళ్లు పోయకుండా దానంతట అదే చల్లారే దాకా.

ఇంకో ప్రమాదం కంటికి కనబడదు. ఇంజన్‌లోకి ఆయిల్‌ని దానంతట అదే పంపే ఆయిల్ పంపుని పాత యజమాని ఎప్పుడో తీయించేశాడు. పెట్రోల్‌లోనే లీటరుకి పాతిక, ముప్పై మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్ల ఆయిల్) కలిపి పోస్తున్నారు. అలా కలిపినప్పుడు ఇంజన్‌లోకి ఆయిల్ వెళ్లేది పెట్రోల్‌తో పాటే. యాక్సిలరేటర్ పూర్తిగా మూసి కిలోమీటర్ల కొద్దీ దిగుతుంటే పెట్రోలూ సరిగా వెళ్లదు, ఆయిలూ సరిగా వెళ్లదు, పిస్టన్ మాత్రం వేగంగా ఆడుతూనే ఉంటుంది. ఇంజన్ సీజ్ అయ్యేది, అంటే పిస్టన్ పట్టేసేది అప్పుడే. కొత్తగా బోరు కొట్టిన ఇంజన్‌కి ఇంకా భయం. మిగతా దిగుడంతా రెండో గేరులో, ముందూ వెనకా బ్రేకులు కొద్దికొద్దిగా పట్టి వదులుతూ, అప్పుడప్పుడూ క్లచ్ నొక్కి యాక్సిలరేటర్ ఒకసారి ఇచ్చి వదిలేలా చేయించాను. తిరిగొచ్చాక పాత సామానులో ఒక ఆయిల్ పంపు వెతికి బిగించాను. అది ఉన్నా ఘాట్‌లో క్లచ్ నొక్కి ఇవ్వడం మానొద్దని చెప్పాను.

ఏడాదిన్నర దాటింది. అతను పోగొట్టుకున్నవి కూడా రాయాలి, లేకపోతే ఇది సేల్స్ మాట అవుతుంది. గట్టిగా బ్రేకు వేసినా చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ పోయింది. వానలో డ్రమ్ బ్రేకుల్లోకి నీళ్లు దూరితే మొదటి రెండు మూడు పట్లకి బండి ఆగదు, ఆ దూరం ముందే వదులుకోవాలి. రాత్రి ఘాట్ పూర్తిగా మానేశాడు. ఇంజన్ నెమ్మదించగానే హెడ్‌లైట్ దీపంలా మసకేస్తుంది. మైలేజీ నలభై లోపే, దాంతో పాటు టూటీ ఆయిల్ ఖర్చు. హైవే మీద డెబ్బై దాటితే లారీ గాలికి బండి ఊగుతుంది, తేలికపాటి బండికి అది తప్పదు. వాళ్లావిడ ఒకే ఒకసారి వెనక ఎక్కి కొత్తవలసలో దిగిపోయి, "మీరెళ్లండి, నేను బస్సులో వస్తా" అందట. ఇప్పుడు ఇంట్లో ఒక స్కూటరు కూడా ఉంది. ఆ 65 వేల్లో పని పోగా మిగిలినదానికి ఇంకొంత కలిపి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. లెక్కగా చూస్తే అతను ఒక బండి ఇచ్చి రెండు తెచ్చుకున్నాడు, రెండింటికీ నా దగ్గరే సర్వీసింగు.

350 తీసుకున్న పెద్దమనిషి కూడా నా దగ్గరికే వస్తాడు. ఆయన ఐదడుగుల పదకొండు. ఆ బండి మీద శ్రీకాకుళం వెళ్లొచ్చి నడుం నొప్పి లేదని పొంగిపోతాడు. ఇద్దరూ షెడ్డులో ఎదురైతే ఎవరి బండి గురించి వాళ్లు చెప్పుకుంటారు, రెండోవాడు వినడు.

కుర్రాడికి ఈ మధ్య కొత్త పురుగు పుట్టింది. ముందు చక్రానికి డిస్క్ బ్రేక్ పెట్టించమంటాడు. వేరే బండి ఫోర్కు, వేరే హబ్బు వేస్తే బరువు పెరుగుతుంది, ముందు కొలతలు మారతాయి, మళ్లీ పురికొస తీయాలి. వద్దన్నాను. డ్రమ్ము లేత్ పట్టించి కొత్త లైనర్లు డ్రమ్ము గుండ్రానికి తగ్గట్టు అరగదీసి వేశాను, బాగానే పడుతోంది. వారానికోసారి ఫోన్‌లో డిస్క్ ఫొటో పంపుతూనే ఉన్నాడు. డిస్క్ సంగతి తరవాత, మొదట బండికి లేని వెనక ఇండికేటర్లు కొను బాబూ, 2028లో ఆర్టీఓ దగ్గర బండి నిలబెట్టాలి అంటే మాత్రం నవ్వి ఊరుకుంటాడు.